గడప దాటి వచ్చినవారికి తొలిపలుకు

(మన సంఘ సభ్యులైన వర్తకులును, వారి గుమాస్తాలును కూడిన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు నాకు నిర్ణయింపబడిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. అంగడికి వచ్చినవారిని ఆదరముతో పలుకరించుట యెట్లు, దానివలన కలుగు ప్రయోజన మేమి యనునదే ఆ విషయము. “ఇది కూడ నేర్పవలసిన సంగతియా? నోరున్న ప్రతివాడును పలుకరింపలేడా?” యని మీలో కొందరు తలంపవచ్చును. నోరు అందరకును కలదు. అయినను మన వీథులలో పది అంగళ్ళు ఎక్కి దిగి చూడుడు. తల యెత్తి, ముఖము చూచి, “రండి” యని పలికినవారు ఎందరో లెక్కింపుడు. ఆ లెక్క తేలిన పిమ్మట ఈ విషయము చిన్నదని యెవ్వరును అనజాలరు.

మన కుటుంబములలో పెక్కు కుటుంబములు వర్తకమువలననో, మగ్గమువలననో, భోజనశాలలవలననో ఈ ప్రాంతములందు తరతరములుగా నిలద్రొక్కుకొన్నవి. చెన్నపట్టణమున పప్పుదినుసుల కొట్లు, బెంగుళూరు చిక్కపేటలో పట్టుచీరెల దుకాణములు, షోలాపురమున దుప్పటుల నేతపనివారి పేటలు, బరంపురమున పట్టుబజారు, ఇవి యన్నియు మనవారి చెమటను ఎరిగిన తావులే. కాలము మారుచున్నది. చెన్నపట్టణపు కొత్వాల్ చావడిలోని టోకు కూరగాయల వ్యాపారము 1996లో కోయంబేడునకు తరలిపోయినది. నేడు అంతకంటె పెద్ద మార్పు మన గడపలకే వచ్చినది. కావలసిన వస్తువును చేతిలోని ఫోనుపై వ్రేలితో తాకిన చాలును, ఇంటి వాకిటికి వచ్చి పడుచున్నది.

ధరలో ఆ మహాసంస్థలతో మనము పోటీపడజాలము. సరకుల సంఖ్యలోను పోటీపడజాలము. వారికి లేనిదియు మనకున్నదియు ఒక్కటే: గడపలో నిలిచిన మనుష్యుడు. ఆ మనుష్యుడు మాటాడక మౌనము వహించినచో, కొనువాడు మన యంగడికి రావలసిన కారణ మేమి? ఈ ప్రశ్నను మీ ముందుంచుటకే నేను నిలిచితిని.

పెట్టె పలుకుచున్నది, మనిషి పలుకుట లేదు

2016లో యు.పి.ఐ. పద్ధతి వచ్చినది. చెల్లింపు సులభమైనది, చిల్లర తగవులు తగ్గినవి. దానిని నేను నిందింపను. కాని దానితో కూడ ఒక నష్టము మన కంటబడకయే జరిగినది. పూర్వము గల్లాపెట్టె తెరచి చిల్లర యిచ్చునంతలో నైనను యజమానికిని కొనువానికిని రెండు మాటలు నడచెడివి. “పిల్లవాని పరీక్షలు ముగిసినవా?” “మీ నాయనగారికి నెమ్మదిగా నున్నదా?” అని అడిగెడివారు. నేడో, కొనువాడు నలుపు తెలుపు గళ్ళ చదరమునకు ఫోను చూపును. ప్రక్కనున్న పెట్టె ఇంత సొమ్ము చేరినదని బిగ్గరగ చెప్పును. యజమాని తన ఫోనునుండి తల యెత్తడు. కొనువాడు సంచి తీసికొని వెడలిపోవును. ఆ యంగడిలో మాటాడినది ఆ పెట్టె యొక్కటే.

ఇట్లు నాలుగు మారులు జరిగిన పిమ్మట ఆ కొనువాడు ఐదవమారు రానిచో, మనము కాలమును నిందింతుము, ప్రభుత్వమును నిందింతుము, ఫోనును నిందింతుము. అతనిని పోనిచ్చినది మన మౌనమే యని తలంపము.

పూర్వభాషి

వాల్మీకి మహర్షి అయోధ్యాకాండమున శ్రీరాముని గుణములను వర్ణించుచు, ఆయనను పూర్వభాషి యన్నాడు. పూర్వభాషి యనగా ఎదుటివారు పలుకరించువరకు వేచియుండక తానే ముందుగా పలుకరించువాడు. చక్రవర్తి కుమారుడు ముందుగా నోరు విప్పుట గుణముగా లెక్కింపబడినది, లోపముగా గాదు. మన యంగళ్ళలో కొందరికి ముందుగా పలుకరించిన తమ గౌరవము తగ్గునను భావ మొకటి గలదు. కావలసినవాడు తానే అడుగును గదా యని గద్దెపై కూర్చుందురు. పెద్దవారు ముందుగా పలుకరించుటవలన పెద్దరికము తరుగదు. “నోరు మంచిదైన ఊరు మంచిది” యని మన పెద్దలు ఊరకే అనలేదు. వారు ఊరూరు తిరిగి బేరము సాగించినవారు. క్రొత్త ఊరిలో తమకు చోటిచ్చినది తమ నోరే యని అనుభవమున ఎరిగినవారు.

తొలిపలుకునకు ఇంత శక్తి యెట్లు వచ్చినది?

దీనికొక కారణము గలదు. నిరీక్షణమును గూర్చి డేవిడ్ మైస్టర్ అను పండితుడు 1985లో ఒక వ్యాసము వ్రాసినాడు. వరుసలో నిలిచినవారి మనస్సు ఎట్లు నడచునో అందు వివరించినాడు. పని యారంభము కాకముందు నిరీక్షించు కాలము, ఆరంభమైన పిమ్మట నిరీక్షించు కాలముకంటె దీర్ఘముగ తోచును. కారణము తెలియని నిరీక్షణము తెలిసినదానికంటె దీర్ఘము. అన్యాయమని తోచిన నిరీక్షణము మరింత దీర్ఘము. ఇవి ఆయన చూపిన సంగతులలో కొన్ని.

దీనిని మన కొట్టునకు అన్వయించి చూతము. పండుగ ముందటి సాయంకాలము. కొట్టులో ఎనమండుగురు నిలిచియున్నారు. తొమ్మిదవవా డొకడు వచ్చి వెనుక నిలిచినాడు. అతనివంక ఎవ్వరును చూడలేదు. అతనికి ఐదు నిమిషములు పావుగంటవలె తోచును. యజమాని తక్కెడ దించకయే కన్నెత్తి, “రండి బాబుగారూ, వీరిది ముగియగనే మీది చూచెదను” అన్నచో, గడియారము మారకున్నను అతని మనస్సు మారినది. తాను వచ్చినట్లు ఒకరికి తెలిసినది. తన వంతు కలదు. దానిని ఎవ్వరును దాటిపోరు. అతని పని అప్పుడే యారంభమైనట్లు అతడు తలంచును. సరకు అందుటకు పదినిమిషములు పట్టినను పలుకరింపు మాత్రము అప్పుడే అందినది. ఇందులకు ఖర్చైనది ఒక్క శ్వాస.

ఇతర దేశములవారి రీతులు

అమెరికాలో వాల్‌మార్ట్ సంస్థవారు 1980 నుండి గుమ్మమున నిలిచి వచ్చినవారికి స్వాగతము పలుకుటకే మనుష్యులను నియమింపసాగిరి. లూసియానా రాష్ట్రమున క్రౌలీ యను ఊరిలోని అంగడిలో ఇది మొదలైనది. గుమ్మమున ఆదరించు మనిషి యున్నచో దొంగతనములును తగ్గునని వారు గ్రహించిరి. చూచితిరా, ఒకే పలుకరింపు మంచివానికి మర్యాద, చేతివాటము గలవానికి హెచ్చరిక! ఆ సంస్థ స్థాపకుడైన సామ్ వాల్టన్ తన పనివారికి పది అడుగుల నియమ మొకటి పెట్టినాడు. కొనువాడు పది అడుగుల దూరమునకు వచ్చినంతనే కన్నులలోకి చూచి పలుకరించి, కావలసిన దేమో అడుగవలెను.

అదే సంస్థ 1997లో జర్మనీ దేశమున అడుగు పెట్టినది. 2006లో ఆ దేశము విడిచి వెళ్ళినది. అందులకు కారణములు పెక్కులు గలవు. అయినను అందొకటి గమనింపదగినది. పరిచయము లేనివారు గుమ్మమున నిలిచి నవ్వుట అచ్చటివారికి ఇంపు గాక వింతగా తోచినది. ఇంకొకవైపు జపాను దేశమున అంగడిలో అడుగిడినంతనే పనివారందరును స్వాగతవచనమును బిగ్గరగా పలుకుదురు. వచ్చినవారు బదులు చెప్పవలసిన పని లేదు. ఫ్రాన్సులోనో, చిన్న అంగడిలో అడుగిడువాడే ముందుగా “బోంజూర్” అనవలెను, అనకున్న అమర్యాద. 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండిన యానాము మిత్రులకు ఈ పదము క్రొత్త గాదు.

వీనినుండి మనము నేర్వవలసిన దేమి? ఆదరము అన్ని దేశములకు సమానమే. దానిని చూపు రీతి మాత్రము ఆ నేలను బట్టి యుండును. పరదేశపు మాటను చిలుకవలె తెచ్చి మన గడపలో పలికించినచో అది ఆదరము గాదు. పెద్ద అంగళ్ళలో కుర్రవాండ్రు “వెల్కమ్ సార్, వెల్కమ్ మేడమ్” అని గోడవైపు చూచుచు పలుకుచుందురు. వినువారి చెవికి అది తలుపు కిఱ్ఱుమన్నట్లే యుండును.

ఏ భాషలో పలుకరింపవలెను?

ఇది మనకు ముఖ్యమైన ప్రశ్న. మనము రెండు భాషల నడుమ జీవించువారము. ఇంట తెలుగు, వీథిలో తమిళమో, కన్నడమో, మరాఠీయో, ఒడియాయో. ఒక్క విశేషము గమనింపుడు. తమిళుడు “వాంగ” అనును. కన్నడిగుడు “బన్ని” అనును. మహారాష్ట్రుడు “యా” అనును. ఒడియావారు “ఆసంతు” అందురు. మనము “రండి” అందుము. మాటలు వేరు, అర్థ మొక్కటే. గడపలో నిలిచినవానిని లోనికి పిలుచుటయే ఈ నేలలన్నిటి స్వాగతము. వీడ్కోలునకు వచ్చిన “వెళ్ళి రండి” యని మనము, “పోయిట్టు వాంగ” యని తమిళులు, “హోగి బన్ని” యని కన్నడిగులు అందురు. మహారాష్ట్రమున సెలవు తీసికొనువాడు “యేతో”, అనగా వచ్చెదనని చెప్పి వెళ్ళును. “పొండు” అనుట ఎవ్వరికిని ఇష్టము లేదు.

కాబట్టి నా మనవి యిది. మొదటి పలుకు ఈ నేల భాషలో నుండనిండు. ఈ నేల మన తాతముత్తాతలకు అన్నము పెట్టినది. ఈ నేలబిడ్డ మన గడప నెక్కినపుడు అతని భాషలో పలుకరించుట మన ధర్మము, మన లాభము కూడను. కర్ణాటకమున 2024లో చేసిన చట్టసవరణచే అంగడి ఫలకముపై నూటికి 60 వంతులు కన్నడ ముండవలెనని నిర్ణయించినారు. చట్టము ఫలకమువరకే పోగలదు. నాలుకపై నేముండవలెనో నిర్ణయించుకొనవలసినవారము మనమే. ఫలకముపై కన్నడము వ్రాసి, గద్దెమీద కూర్చుండి ముఖము ముడుచుకొనువానికంటె, తప్పులతో నైనను కన్నడమున నవ్వుచు పలుకరించువాడు ఆ వీథికి దగ్గరివాడు.

ఇక వచ్చినవారు తెనుగువారని వారి మాటతీరువలన తెలిసినచో, సంకోచము లేక తెనుగున మాటాడుడు. మన యువకులు కొందరు తెనుగువారితో సైతము ఇంగ్లీషుననో స్థానిక భాషననో మాటాడి, తమ తెనుగును ఎవ్వరైన నవ్వుదురేమో యని దాచుకొందురు. మన తెనుగు గోదావరి తీరపు తెనుగువలె నుండకపోవచ్చును. హోసూరు తెనుగు వేరు, బరంపురపు తెనుగు వేరు, షోలాపురపు తెనుగు వేరు. అన్నియు తెనుగే. కొట్టులో కూర్చున్న పిల్లవాడు తాతగారు “దయచేయండి, కూర్చోండి, మంచితీర్థము పుచ్చుకొందురా?” అని పలుకుట రోజుకు ఇరువదిమార్లు విన్నచో, ఆ మాటలు అతనికి పుస్తకము లేకయే అబ్బును. మర్యాదయు భాషయు ఒకేసారి నేర్పు బడి మన కొట్టు.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసియున్నది. తెనుగు తెలియని కొనుగోలుదారుని యెదుట యజమానియు గుమాస్తాయు తెనుగున గుసగుసలాడుట మానవలెను. “వీనికి పాతసరకు చూపుము, ధర కొంచెము హెచ్చించుము” వంటి మాటలు సరేసరి. “పైయరలో నున్నది దించుము” వంటి నిర్దోషమైన మాట కూడ, భాష తెలియనివానికి తన్ను గూర్చి యేదో యనుకొనుచున్నట్లు తోచును. అనుమానము పుట్టిన చోట బేరము చావును. ఒక్కొక్కప్పుడు ఇరుగుపొరుగుల స్నేహమును చావును. మన భాషను మనమే రహస్యభాషగ మార్చి అప్రతిష్ఠ తేరాదు.

వరుసలు, పేర్లు

మన దేశమున పలుకరింపునకు ప్రాణము వరుస. అయ్యా, అమ్మా, బాబూ, తాతగారూ అని మనము పిలుచునట్లే, మహారాష్ట్రమున తాయీ, దాదా, కాకా యనియు, ఒడియాలో భాయినా, అపా యనియు, తమిళమున అణ్ణా, అక్కా యనియు పిలుతురు. ఆ వరుస సరిగా పడినచో సగము బేరము కుదిరినట్లే. తప్పిన చిక్కు. నలుబదేండ్లు నిండని స్త్రీని “ఆంటీ” యని పిలిచి మంచి బేరము పోగొట్టుకొన్న కుర్రవాండ్రు ప్రతి వీథిలోను గలరు. సందేహము కలిగినచో “అమ్మా” యన్న మాట దక్షిణదేశమున ఎల్లయెడల చెల్లును. ఏ భాషయు కలియనపుడు రెండు చేతులు జోడించి నమస్కరించుట యున్నది. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు కరచాలనము మానిన పరదేశ నాయకులు కొందరు సైతము చేతులు జోడించుట లోకమంతయు చూచినది.

మాటిమాటికి వచ్చువారి పేరు జ్ఞాపక ముంచుకొనుడు. రిట్జ్-కార్ల్‌టన్ అను ప్రసిద్ధ హోటలు సంస్థవారు తమ పనివారికి నేర్పు సేవ మూడు మెట్లు గలది: పేరుతో హృదయపూర్వకముగ స్వాగతించుట, అతిథి అవసరమును ముందుగనే గ్రహించి తీర్చుట, పేరుతో ఆప్యాయముగ వీడ్కోలు చెప్పుట. దీనికై వారు పెద్ద శిక్షణ నిత్తురు. మన కిరాణా కొట్టులోని వృద్ధుడైన గుమాస్తా యే శిక్షణయు లేక, నూరు కుటుంబముల పేర్లతోపాటు ఏ యింట ఏ బియ్యము వండుదురో కూడ చెప్పగలడు. అట్టి సంపద మనయొద్ద నున్నది. దానిని మనము లెక్కలో వ్రాయము.

ఎవరిని పలుకరింపవలెను?

అందరిని. ఇది చెప్పుట సులభము, చేయుట కష్టము. కారు దిగినవానికి ఎదురేగుదుము. చెప్పులు వెలుపల విడిచి సంశయించుచు నిలిచిన కూలిమనిషిని చూడనట్లు నటింతుము. అతనికి కూడ కూతురు పెండ్లి వచ్చును. అతడు కూడ పట్టుచీర కొనును. ఆనాడు తన్ను మనిషిగ చూచిన కొట్టునకే పోవును. చిక్కపేటలోని కొట్లలో తెల్లని పరుపులు పరచి, వచ్చినవారిని కూర్చుండబెట్టి చీరెలు విప్పి చూపు ఆచారము గలదు. ఆ పరుపుమీద కూర్చున్న వారందరును ఒకే ఎత్తున నుందురు. ఆచారములోని అర్థము అదియే.

బోణీ బేరమునకు చూపు మర్యాదను రాత్రి తలుపు దించువేళ వచ్చినవానికి చూపుదుమా? కొనుటకు వచ్చినవానికి చూపు ముఖమును, కొన్నది మార్చుకొనుటకు వచ్చినవానికి చూపుదుమా? నిజమైన పరీక్ష అచ్చట గలదు. చిరిగిన చీర తిరిగి తెచ్చిన ఇల్లాలు ఇంటినుండియే తగవునకు సిద్ధపడి వచ్చును. “రండమ్మా, కూర్చోండి, ఏమి జరిగినదో చూతము” అన్న ఒక్క మాటకు ఆమె కోపము సగము దిగును. తక్కినసగము చీర మార్చి యిచ్చిన దిగును. అట్లే ఖాతాలో బాకీ యున్నవాడు మన కొట్టు దాటునపుడు తల వంచుకొని పోవును. అతనిని పిలిచి బాకీ మాట యెత్తక క్షేమ మడుగుడు. ముఖము చాటువేసిన బాకీదారునికంటె, ముఖము చూపగల బాకీదారుడే త్వరగా చెల్లించును.

ఫలకము వ్రేలాడదీసిన చాలదు

పెక్కు బ్యాంకులలోను, కార్యాలయములలోను, కొనుగోలుదారుడే మన ఆవరణమునకు వచ్చు ముఖ్యుడైన అతిథి, అతడు మనపై ఆధారపడలేదు, మనమే అతనిపై ఆధారపడినాము అను భావముగల వాక్యములు గోడకు తగిలించి, క్రింద గాంధీ మహాత్ముని పేరు వ్రాసియుందురు. ఆయన రచనలలో ఆ వాక్యములు కానరావు. 1890లో దక్షిణాఫ్రికాలో చెప్పెనని కొందరందురు. ఆయన దక్షిణాఫ్రికా చేరినది 1893లో. అటువంటి మాటలు 1941లో అమెరికా వాణిజ్యవర్గములలో అచ్చులో కనబడినవి. మాట మంచిదే, ఎవరిదైనను ఆచరింపదగినదే. కాని ఆ ఫలకము క్రిందనే కూర్చుండి, నిలిచినవానివంక చూడకుండ “భోజన విరామము” అని గొణుగువారిని మన మెరుగుదుము. “మే ఐ హెల్ప్ యూ” అను పలక వెనుక కుర్చీ ఖాళీగ నుండుటయు ఎరుగుదుము. పలక పలుకరింపదు.

పలుకరించువానిని పలుకరించిన దెవరు?

ఇప్పుడు యజమానులకు ఒక మాట. కొంచెము కఠినముగ తోచిన మన్నింపుడు. గుమాస్తా నవ్వుట లేదని మీరు కోపపడుదురు. ఉదయము అతడు వచ్చినపుడు మీరు అతనిని పలుకరించితిరా? ఆలస్యమైనదని పదిమందిలో చీవాట్లు తిన్నవాడు మరుక్షణమున చిరునవ్వు ఎక్కడనుండి తెచ్చును? ఆర్లీ హాక్‌షీల్డ్ అను సమాజశాస్త్ర పండితురాలు విమానములలో సేవచేయు స్త్రీలను పరిశీలించి 1983లో ఒక గ్రంథము వెలువరించినది. జీతముకొరకు నవ్వవలసివచ్చుట కూడ ఒక శ్రమయే యనియు, లోపలి భావమునకు విరుద్ధముగ దినమంతయు ముఖము నిలుపుటవలన మనిషి అలసిపోవుననియు ఆమె చూపినది. మూటలు మోయువాని శ్రమ మనకు కనబడును. నవ్వు మోయువారి శ్రమ కనబడదు.

బట్టలకొట్లలో ఆడపిల్లలు దినమంతయు నిలుచుండియే పనిచేయుట మనమందరము చూచుచున్నాము. కూర్చుండుటకు వీలు కావలెనని కేరళమున ఆ స్త్రీలే ఆందోళనము చేసిరి. 2018లో ఆ ప్రభుత్వము చట్టమును సవరించినది. తమిళనాడు ప్రభుత్వమును 2021లో, అంగళ్ళు సంస్థలకు సంబంధించిన తన 1947 నాటి చట్టమును సవరించి, పనివారికి ఆసనము లుంచవలెనని విధించినది. కాళ్ళు లాగుచున్న పిల్లకు “నవ్వుము” అని ఆజ్ఞాపించుట న్యాయము గాదు. ముందు ఒక బల్ల వేయుడు. త్రాగుటకు నీరుంచుడు. పేరుతో పిలువుడు. కొనుగోలుదారుడు అకారణముగ దుర్భాషలాడినచో, మీరు గుమాస్తా ప్రక్కన నిలువుడు. యజమాని గుమాస్తాను పలుకరించు రీతిలోనే గుమాస్తా కొనువానిని పలుకరించును. ఇది నేను చూచిన ప్రతి కొట్టులోను నిజమైనది.

తూకము తరువాతనే నవ్వు

ఇంతసేపు పలుకును పొగడితిని గాన దాని హద్దును కూడ చెప్పవలెను. తీయని మాట తూకమునకు బదులు గాదు. నవ్వుచు నూరు గ్రాములు తగ్గించువాడు, ముఖము ముడుచుకొని సరిగా తూచువానికంటె హీనుడు. ఏలయన అతడు సరకుతోపాటు నమ్మకమును కూడ దొంగిలించుచున్నాడు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగ 2019లో క్రొత్త చట్టము వచ్చినది. కల్తీకి, మోసపు ప్రకటనలకు శిక్షలు గలవు. చట్టమునకు జంకి గాదు, తరతరముల పేరును తలంచి సరిగా తూచుడు.

మన పూర్వులు తూకము సరిచూచిన పిమ్మట ఒక గుప్పెడు కొసరు వేసెడివారు. తూకము హక్కు, కొసరు ప్రేమ. పలుకరింపు కూడ అటువంటి కొసరే. తూకములో కోసి కొసరు వేసిన అది మోసము. తూకము నిండిన పిమ్మట వేసిన అది మర్యాద. మన భోజనశాలలో వడ్డించువాడు “ఇంకొక గరిటె వేయుదునా?” యని అడుగుట ఇట్టిదే. ఆ మాట వినుటకే ఊరు దాటి వచ్చి తినువారు కలరు.

చేయదగిన పనులు

ఇక ప్రసంగము ముగింపవలెను. ఆచరణకు వీలుగ కొన్ని మాటలు మనవి చేసెదను. వచ్చినవాడు గడప దాటినంతనే, ఎంత పనిలో నున్నను, ఒక్కమారు కన్నెత్తి చూడుడు. “ఏమి కావలెను?” అని గద్దించినట్లు గాక, మొదట “రండి” అనుడు, కావలసినది అతడే చెప్పును. ఆలస్య మగునేని ఎంత ఆలస్యమో, ఎందుకో చెప్పుడు. వృద్ధులకు కుర్చీ, పిల్లలకు ఒక నవ్వు, ఎండవేళ మంచినీరు ఉండవలెను. చూచుకొనుటకు వచ్చినవాని వెంట నీడవలె తిరుగకుడు. పిలిచిన పలుకునంత దూరమున నుండుడు. ఫోను చూచుచు సొమ్ము పుచ్చుకొనకుడు. కొన్నను, కొనకున్నను ఒకే ముఖముతో పంపుడు. కొనక వెళ్ళువానికి మన ముఖము జ్ఞాపకముండును. రేపు అతడు కొనువాడు.

ఈ సభకు వచ్చినవారిలో ప్రతివారును ఒక్క నెల దీనిని పాటించి చూడుడు. రోజుకు ఎందరు వచ్చిరి, ఎందరు మరల వచ్చిరి యని చిట్టాపుస్తకము చివరి పుటలో వ్రాసికొనుడు. గుమాస్తాలచేతను వ్రాయింపుడు. నెల గడచిన పిమ్మట మరల ఇచ్చట కూడి ఆ లెక్కలను సరిపోల్చుకొందము. లాభము కనబడనిచో నన్ను అడుగుడు. కనబడినచో మీ పిల్లలకు నేర్పుడు. వారు ఈ కొట్టులో కూర్చున్నను, ఏ పరదేశపు కార్యాలయమున కూర్చున్నను, ముందుగా పలుకరించుట వారికి పనికివచ్చును.